సోషల్ యాంగ్జైటీకి థెరపీ తీసుకుంటే మెదడులో నిజంగా ఏం మారుతుంది?

మీరు అడిగింది ఇదీ: నలుగురిలో నోరు విప్పాలంటే గుండె దడ, చేతుల్లో వణుకు, పేరు చెప్పుకోవాలన్నా గొంతు పట్టేయడం, ఇదంతా మెదడులో ఉన్న తేడా వల్లే అని చదివారు. డాక్టరేమో ముందు సీబీటీ, అంటే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ తీసుకోమన్నారు. తేడా మెదడులో ఉన్నప్పుడు వారానికోసారి ఒకరి ఎదురుగా కూర్చుని మాట్లాడితే అదెలా పోతుంది, ఇది మనసుకు కాస్త ఊరటేనా, నిజంగా వైద్యమేనా అని మీ అనుమానం.

నిజంగా వైద్యమే. థెరపీకి ముందూ తర్వాతా తీసిన స్కాన్‌లలో తేడా కనిపిస్తుంది, ఇరవై ఏళ్లకు పైగా వేర్వేరు దేశాల పరిశోధకులు దాన్ని చూస్తూనే ఉన్నారు. కాకపోతే ఆ మార్పు ఎక్కడి నుంచి వస్తుందో అర్థం కాకపోతే చాలామంది థెరపీలో తేలికైన సగం చేసి, అసలైన సగం మొదలయ్యే చోట మానేస్తారు. చాలా ఏళ్లుగా ఈ సమస్య ఉన్నవాళ్లకే థెరపీ చేస్తున్నాను కాబట్టి అలా మానేసినవాళ్లను చూసి బాధపడ్డ సందర్భాలు ఎన్నో ఉన్నాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ ‘మెదడులో ఉంది’ అన్న మాట సంగతి చూద్దాం. ఆ మాట వినగానే అది పుట్టుకతో వచ్చిన, మాటలకు లొంగని లోపం అనిపిస్తుంది. వంశపారంపర్యంగా కొంత వస్తుందన్నది నిజమే, కొత్తవాళ్లను చూస్తే వెనక్కి తగ్గే స్వభావం చిన్నప్పటి నుంచీ ఉన్న పిల్లల్లో ఇది తర్వాత రావడం ఎక్కువ అన్నదీ నిజమే. కానీ మీరు కొత్త భాష నేర్చుకున్నా, పద్యం కంఠస్థం చేసినా, క్లాసులో అందరూ నవ్విన రోజు నుంచి బోర్డు దగ్గరికి వెళ్లాలంటే భయపడటం మొదలుపెట్టినా, అదంతా మెదడులో నరాల కణాల మధ్య సంబంధాలు మారడం వల్లే జరుగుతుంది. నేర్చుకోవడం అంటేనే మెదడు మారడం. మాత్ర రక్తంలో కలిసి అక్కడికి చేరుతుంది, అనుభవం కళ్ల ద్వారా, చెవుల ద్వారా చేరుతుంది, అంతే తేడా. కాబట్టి మెదడుకు సంబంధించిన సమస్యకు మందులు, మనసుకు సంబంధించిన సమస్యకు మాటలు అన్న విభజన అసలు పనికిరాదు.

సోషల్ యాంగ్జైటీలో మెదడు ఏం చేస్తోందో ఇప్పుడు చూద్దాం. మెదడులో రెండు పక్కలా, కణతల లోపలి వైపు లోతుగా అమిగ్డలా అనే చిన్న భాగం ఉంటుంది. దాన్ని ‘భయం కేంద్రం’ అని రాసేస్తుంటారు, అది సరి కాదు. ఎదురుగా ఉన్నదాంట్లో నాకు ముఖ్యమైనది ఏదైనా ఉందా, ముప్పు ఉందా అని క్షణాల్లో పసిగట్టి ఒంటిని సిద్ధం చేయడం దాని పని. దాని మీద దశాబ్దాలుగా పనిచేసిన జోసెఫ్ లెడూ కూడా ఇదే చెబుతూ వచ్చారు: అమిగ్డలా నడిపేది ముప్పుకు ఒళ్లు స్పందించే తీరుని, మనకు అనుభవంలోకి వచ్చే భయం అనే భావన తయారవడానికి మెదడులో ఇంకా చాలా భాగాలు కలవాలి. సోషల్ యాంగ్జైటీ ఉన్నవాళ్లకు కోపంగానో, చిన్నచూపుగానో ఉన్న ముఖాలు చూపించినప్పుడు ఈ అమిగ్డలా, దాంతో పాటు ఇన్సులా అనే ఇంకో భాగం మామూలు వాళ్లలో కంటే ఎక్కువగా స్పందిస్తాయి. అంతకు ముందు వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి 2007లో ఎట్కిన్, వేగర్ అనే ఇద్దరు చేసిన విశ్లేషణలో కూడా ఇదే తేలింది. ఇన్సులా ఒంటి లోపల జరిగేదాన్ని గమనిస్తుంది: గుండె కొట్టుకోవడం, మొహం వేడెక్కడం, కడుపులో తిప్పడం. అందుకే మీకు ఎదుటివాళ్ల ముఖం కంటే మీ గుండె చప్పుడే పెద్దగా వినిపిస్తుంది.

ఇక్కడ ఇంకో విషయం ఉంది, నాకు ఇది అమిగ్డలా కంటే ముఖ్యం అనిపిస్తుంది. 1995లో డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ అనే మనస్తత్వవేత్తలు ఈ సమస్య ఎలా తనను తాను నిలబెట్టుకుంటుందో ఒక నమూనా ప్రతిపాదించారు. నలుగురి మధ్యకు వెళ్లగానే ఈ సమస్య ఉన్న మనిషి దృష్టి మొత్తం లోపలికి తిరుగుతుంది. నా గొంతు వణుకుతోందా, మొహం ఎర్రబడిందా, పిచ్చిగా కనిపిస్తున్నానా అని తనను తాను బయటి నుంచి చూసుకుంటున్నట్టు ఒక బొమ్మ ఊహించుకుంటాడు. ఆ బొమ్మ తయారయ్యేది లోపలి టెన్షన్‌తో. ఎదుటివాళ్ల కళ్లలో ఏముందో చూసి తయారుచేసుకున్నది కాదది. ఒళ్లు ఎంత వణికినట్టు అనిపిస్తే బొమ్మ అంత భయంకరంగా ఉంటుంది. ఎదుటివాళ్లు మామూలుగా వింటున్నారన్న సమాచారం అసలు లోపలికి చేరదు, ఎందుకంటే చూడటమే లేదు. మెదడుకు కొత్త సమాచారం అందకపోతే అది పాత అంచనానే మోసుకుని తిరుగుతుంది. ఏళ్ల తరబడి మీటింగులకు వెళ్తున్నా, రోజూ మనుషుల మధ్యే ఉంటున్నా భయం ఎందుకు తగ్గట్లేదు అని చాలామంది అడుగుతారు. కారణం ఇదే.

ఇక స్కాన్‌ల సంగతి. మాటల వైద్యంతో మెదడులో మార్పు వస్తుందని ముందుగా చూపించినవాటిలో ముఖ్యమైనది ఓసీడీ (వద్దన్నా అవే ఆలోచనలు, అవే పనులు పదే పదే వెంటాడే సమస్య) మీద 1992లో అమెరికాలో వచ్చిన అధ్యయనం. బిహేవియర్ థెరపీతో మెరుగైనవాళ్లలోనూ, ఫ్లూక్సెటిన్ మందుతో మెరుగైనవాళ్లలోనూ మెదడులో ఒకే చోట చురుకుదనం తగ్గింది. సోషల్ యాంగ్జైటీలో దాదాపు అలాంటి ఫలితమే 2002లో స్వీడన్‌లోని ఉప్సలా నుంచి వచ్చింది. టోమస్ ఫర్మార్క్ బృందం 18 మందిని తీసుకుని, కొందరికి సిటలోప్రామ్ అనే మందు, కొందరికి గ్రూపులో సీబీటీ ఇచ్చి, మిగిలినవాళ్లను వేచి ఉండమన్నారు. 9 వారాలు గడిచాయి. ముందూ తర్వాతా వాళ్ల చేత చూసేవాళ్ల ఎదుట ఉపన్యాసం ఇప్పిస్తూ పెట్ స్కాన్ తీసి, మెదడులో రక్త ప్రసరణ ఎక్కడ ఎంత ఉందో చూశారు. మెరుగైనవాళ్లలో, మందు వాడినా థెరపీ తీసుకున్నా, అమిగ్డలా, దాని పక్కనే జ్ఞాపకాలతో పనిచేసే హిప్పోక్యాంపస్, వాటి చుట్టుపక్కల భాగాల్లో రక్త ప్రసరణ తగ్గింది. వేచి ఉన్నవాళ్లలో తగ్గలేదు. నాకు ఇప్పటికీ ముఖ్యంగా అనిపించేది దాని తర్వాతి ముక్క: ఆ భాగాల్లో తగ్గుదల ఎంత ఎక్కువగా ఉంటే, ఏడాది తర్వాత ఆ మనిషి అంత బాగున్నాడు.

18 మంది చాలా తక్కువ, తెలుసు. ఆ మాటకు మళ్లీ వస్తాను.

భయం తగ్గితే అమిగ్డలా నెమ్మదించిందా, అమిగ్డలా నెమ్మదిస్తే భయం తగ్గిందా అని మీకు వెంటనే అనుమానం రావాలి. పెట్ స్కాన్ ఒక్కదానితో దానికి సమాధానం దొరకదు. 2013లో స్టాన్‌ఫర్డ్‌లో ఫిలిప్ గోల్డిన్, జేమ్స్ గ్రాస్ బృందం చేసిన అధ్యయనం దీన్ని ఇంకో వైపు నుంచి చూసింది. 75 మందిని లాటరీ పద్ధతిలో రెండు భాగాలు చేసి, ఒక భాగానికి ఒక్కొక్కరికి విడిగా సీబీటీ ఇచ్చారు, రెండో భాగం వేచి ఉంది. స్కానర్‌లో వాళ్లకు చూపించినవి వాళ్లు తమ గురించి తాము నమ్మే చెడ్డ మాటలే. ‘నేనంటే ఎవరికీ ఇష్టం ఉండదు’ లాంటివి అనుకోండి. కొన్నిసార్లు ఊరికే చదవమన్నారు, కొన్నిసార్లు ఆ మాటను ఇంకో కోణంలో ఆలోచించి చూడమన్నారు. థెరపీ తర్వాత అలా తిరిగి ఆలోచించేటప్పుడు నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లోని కొన్ని భాగాలు ఎక్కువగా పనిచేశాయి, పైగా వాటిలో ఒకటి ముందుకంటే తొందరగా రంగంలోకి దిగింది. ఆ భాగం చురుకు పెరిగినప్పుడు అమిగ్డలా చురుకు తగ్గే సంబంధం కూడా బలపడింది.

ఈ ‘తొందరగా’ అన్న మాట దగ్గర కాస్త ఆగండి. థెరపీ బాగా జరిగినవాళ్లు నాతో చెప్పే మాటకు ఇది సరిగ్గా సరిపోతుంది. ‘భయం రావట్లేదు’ అని ఎవరూ అనరు. ‘వస్తోంది గానీ ఇదివరకులా లాక్కుపోవట్లేదు, మధ్యలోనే తెలిసిపోతోంది’ అంటారు. ఇదివరకు మీటింగ్ అయిపోయి ఇంటికెళ్లి రాత్రి రెండింటికి తట్టే ఆలోచన, ‘ఆయన మొహం చిట్లించుకున్నది నా మాటకు కాకపోవచ్చు’ అన్నది, ఇప్పుడు ఆ గదిలో కూర్చుని ఉండగానే తడుతుంది. మొదట్లో దాన్ని కష్టపడి గుర్తు తెచ్చుకోవాలి, సాధన చేసిన కొద్దీ దానంతటదే వస్తుంది. మెదడులో ఏదో భాగం వెలిగిందన్న దానికంటే అది సమయానికి వెలిగిందన్నదే రోజువారీ బతుకులో తేడా తెస్తుంది.

2016లో స్వీడన్ నుంచే క్రిస్టోఫర్ మోన్సన్ బృందం ఇంకో అడుగు వేసింది. ఈసారి థెరపీ ఇంటర్నెట్ ద్వారా, 9 వారాలు, మొత్తం 26 మంది. వాళ్లలో కొందరికి సీబీటీ, మిగతావాళ్లకు దృష్టిని మళ్లించే కంప్యూటర్ సాధన. తమను ఉద్దేశించి రాసిన విమర్శ వాక్యాలు చదివేటప్పుడు అమిగ్డలా స్పందన సీబీటీ తర్వాత తగ్గింది, ఎమ్ఆర్ఐలో కొలిచిన అమిగ్డలా పరిమాణం కూడా కాస్త తగ్గింది. ఇది చదివి ‘థెరపీ చేస్తే మెదడు కుంచించుకుపోతుందా’ అని కంగారు పడకండి. ఎమ్ఆర్ఐలో పరిమాణం అనేది కణాల లెక్క కాదు. కణాల మధ్య సంబంధాలు, వాటికి తోడుండే కణాలు, రక్తం, నీరు ఇవన్నీ కలిసిన ఒక అంచనా అది. కణాలు చచ్చిపోయాయని దాని అర్థం కానే కాదు. ఇంటర్నెట్‌లో రాతపూర్వకంగా జరిగే థెరపీకి కూడా ఇంత కనిపించిందంటే, ఎదురుగా కూర్చున్న మనిషి గొంతూ ఆప్యాయతే అన్నీ చేస్తున్నాయన్న వాదన బలహీనపడుతుంది. ఆప్యాయత అక్కర్లేదని కాదు, చాలా కావాలి, దాంతోనే పని పూర్తవదని అంటున్నాను.

అయితే పని ఎక్కడ జరుగుతుంది? మీ మెదడు ఒక అంచనా వేసుకుని ఉంటుంది. ఆ అంచనా తప్పని మీ కళ్ల ముందు, మీ ఒంటికి, భయంగా ఉన్న ఆ క్షణంలోనే తెలిసే చోట జరుగుతుంది. అమెరికాలోని యూసీఎల్ఏ విశ్వవిద్యాలయంలో మిషెల్ క్రాస్కీ లాంటివాళ్లు ఎక్స్‌పోజర్ (అంటే భయపడే పరిస్థితిని కావాలని ఎదుర్కోవడం) గురించి ఏళ్లుగా చెబుతున్నది ఇదే. భయపడే పరిస్థితిలో కూర్చుని భయం దానంతటది తగ్గేదాకా ఓర్చుకోవాలని పాతకాలంలో అనేవాళ్లు. ఇప్పుడు మేము చూసేది భయం ఎంత తగ్గిందన్నది కాదు, ‘ఏం జరుగుతుందని అనుకున్నారు, ఏం జరిగింది’ అన్నది. ఆ రెంటి మధ్య తేడా ఎంత పెద్దగా, ఎంత ఆశ్చర్యంగా ఉంటే అంత బాగా నేర్చుకుంటారు.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఒకమ్మాయికి మీటింగ్‌లో మాట్లాడాలంటే భయం. ‘మధ్యలో మాట మరిచిపోయి ఆగిపోతే అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు, నాకు పని రాదని అనుకుంటారు’ అన్నది ఆమె అంచనా. అందుకని చెప్పాల్సిన ప్రతి వాక్యం ముందే రాసుకుంటుంది, కాగితంలోంచి తల ఎత్తదు, గడగడా చదివేసి కూర్చుంటుంది. మీటింగ్ బాగానే అయిపోతుంది. ఆమె మెదడు ఏం నేర్చుకుంది? ‘రాసుకున్నాను కాబట్టి బతికిపోయాను.’ ఈ రాసుకోవడం, తల దించుకోవడం, వణుకు కనపడకుండా చేతులు కట్టుకోవడం, తక్కువ మాట్లాడటం, వీటిని మేము సేఫ్టీ బిహేవియర్స్ అంటాం. ప్రమాదం నుంచి కాపాడుతున్నట్టు అనిపిస్తాయి గానీ నిజానికి భయాన్ని కాపాడతాయి. థెరపీలో ఆమె ఏం చేస్తుందంటే, కాగితం పక్కన పెట్టి, మధ్యలో కావాలని మాట ఆపి, తలెత్తి అక్కడున్నవాళ్ల ముఖాలు చూస్తుంది. మొదటిసారి ఒళ్లంతా చెమట పడుతుంది. కానీ చూస్తే ఒకాయన ఫోన్ చూసుకుంటున్నాడు, ఒకామె తర్వాత మాట కోసం ఎదురుచూస్తోంది, ఎవరూ మొహాలు చూసుకోవట్లేదు. కొన్ని క్షణాలే. ఏడాది పాటు ‘ఎవరూ ఏమీ అనుకోరులే’ అని ధైర్యం చెప్పినా చేరని సమాచారం ఆ కొన్ని క్షణాల్లో చేరుతుంది.

అలాంటిదే వీడియో పద్ధతి. మాట్లాడే ముందు ‘మీ వణుకు వందకు ఎంత కనిపిస్తుంది’ అని అడుగుతాం, ఎనభై అంటారు, తొంభై అంటారు. రికార్డు చేసి, ఎవరో తెలియని మనిషిని చూస్తున్నట్టు చూడమంటాం. చూశాక చాలామంది చాలాసేపు ఏమీ మాట్లాడరు. లోపల అంత తుఫానుగా అనిపించింది బయటికి అంతగా కనపడలేదని తెలిసే క్షణం అది. ఇందాక చెప్పిన బొమ్మ, లోపలి టెన్షన్‌తో తయారైన బొమ్మ, అక్కడే బలహీనపడుతుంది. నిజంగా వణుకు కనిపించేవాళ్లూ ఉంటారు, వాళ్లకు అబద్ధం చెప్పకూడదు. వాళ్లతో పని వేరు: వణుకు కనిపించినప్పుడు ఎదుటివాళ్లు నిజంగా ఏం చేస్తారు, ఏం అనుకుంటారు అన్నది పరీక్షించాలి.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి, మీకు తర్వాత్తర్వాత బాగా అవసరపడేది. ఇలా నేర్చుకున్నది పాత భయాన్ని చెరిపేయదు. భయం తగ్గడం మీద జంతువుల్లో, మనుషుల్లో జరిగిన పరిశోధనలో ఎక్కువ భాగం ఇదే చూపిస్తోంది. పాత జ్ఞాపకం అలాగే ఉంటుంది, దాని పక్కన ‘ఇక్కడ ప్రమాదం లేదు’ అనే కొత్త జ్ఞాపకం తయారవుతుంది. ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో కింది మధ్యభాగం ఆ కొత్త పాఠాన్ని వాడి అమిగ్డలాను అదుపు చేస్తుంది, ఏ పాఠం ఏ చోటికి వర్తిస్తుందో తేల్చడంలో హిప్పోక్యాంపస్ పాత్ర ఉంటుంది. ఇల్లు మారిన కొత్తలో పరధ్యానంగా ఉంటే కాళ్లు పాత ఇంటి సందులోకి తిరుగుతాయి చూడండి, కొత్త దారి తెలియక కాదు. అలాగే అలసిపోయిన రోజున, కొత్త ఉద్యోగంలో చేరిన వారంలో, ఎవరో ఒకరు నిజంగానే వెటకారం చేసిన తర్వాత పాత భయం తిరిగి వస్తుంది. అది థెరపీ పని చేయలేదనడానికి గుర్తు కాదు, మెదడు నేర్చుకునే తీరే అంత. దీన్నుంచి ఒక ఆచరణ కూడా వస్తుంది: సాధన ఒకే గదిలో, ఒకే రకం మనుషుల ముందు చేస్తే ‘ఈ గదిలో ప్రమాదం లేదు’ అనే నేర్చుకుంటారు. చోట్లు మార్చాలి, మనుషులను మార్చాలి, పై అధికారులతో, తెలియనివాళ్లతో, ఫోన్‌లో, గుంపులో, బాగా నిద్రపోయిన రోజున, నిద్ర లేని రోజున కూడా చేయాలి. థెరపిస్ట్ పక్కనుంటేనే చేయగలగడం మొదటి మెట్టు, అక్కడే ఆగిపోకూడదు.

మరి ఉత్త మాటలకు విలువ లేదా అంటే ఉంది. 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం ఏ సమస్యా లేని మామూలు వ్యక్తుల మీద చేసిన ప్రయోగంలో, కోపంగానో భయంగానో ఉన్న ముఖం చూసినప్పుడు ఆ భావానికి పేరు పెట్టడం వల్లే అమిగ్డలా స్పందన తగ్గింది, ప్రీఫ్రంటల్‌లో కుడివైపు ఒక భాగం చురుకైంది. ‘నాకు ఏదోలా ఉంది’ అనడానికీ, ‘నన్ను తీసిపారేస్తారేమోనని భయంగా ఉంది, దాంతో పాటు కోపంగా కూడా ఉంది’ అనడానికీ ఒంట్లోనే తేడా ఉంటుందన్నమాట. ఇంకోటి, సోషల్ యాంగ్జైటీ ఉన్న మనిషికి ఒక కొత్త మనిషి ఎదుట కూర్చుని తన సిగ్గుపడే విషయాలు చెప్పుకోవడమే ఒక పెద్ద ఎక్స్‌పోజర్. చెప్పాక ఎదుటి మనిషి ముఖం చిట్లించకపోవడం కూడా అంచనా తప్పడమే. మాటలు చేసే ఇంకో పెద్ద పని, జరిగిపోయిన తర్వాత జరిగేదాన్ని ఆపడం. ఇంటికి వచ్చి ఆ పది నిమిషాల సంభాషణను రాత్రంతా తిప్పి తిప్పి చూసుకుని, ప్రతిసారీ ఇంకాస్త నల్లరంగు పూసి దాచుకుంటారు. పగలు మెదడు నేర్చుకున్నదాన్ని రాత్రి మీరే చెడగొట్టుకుంటున్నట్టు. అందుకే సాధన అయిన వెంటనే ఏం అనుకున్నారు, ఏం చూశారు అన్నది రెండు వాక్యాలు రాసి పెట్టుకోమంటాను. రాత్రి తిప్పుకోవడం మొదలైతే ఆ కాగితం చూడాలి, కొత్తగా ఆలోచించకూడదు.

ఇక ఇందాక దాటేసిన మాట. ఈ అధ్యయనాల్లో చాలావాటిలో మనుషులు తక్కువ. వీటిలో చాలావాటికి వాడిన ఎఫ్ఎమ్ఆర్ఐ (మెదడు పనిచేస్తుండగా తీసే ఎమ్ఆర్ఐ) కొలిచేది నరాల కణాల పనిని నేరుగా కాదు, అక్కడి రక్తంలో ఆక్సిజన్ మార్పుని, అదీ కొన్ని సెకన్ల ఆలస్యంగా. ఒకే మనిషికి ఒకే పరీక్ష కొన్ని వారాల తేడాతో రెండుసార్లు పెడితే ఫలితాలు అంతగా కలవవని 2020లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ చూపించింది. గుంపు సగటుల గురించి చెప్పడానికి పనికొస్తుంది గానీ మీ ఒక్కరి గురించి చెప్పడానికి ఇప్పటికైతే పనికిరాదు. ఒక్కో అధ్యయనంలో ఒక్కో భాగం కనిపిస్తుంది కూడా, అమిగ్డలా నెమ్మదించడం, ప్రీఫ్రంటల్ పాత్ర మారడం అనే రెండూ మాత్రం తరచుగా తిరిగి తిరిగి వస్తాయి. థెరపీ ఎవరికి పని చేస్తుందో స్కాన్ చూసి ముందే చెప్పవచ్చా అని కూడా ప్రయత్నాలు జరిగాయి. 2013లో 39 మందితో చేసిన ఒక అధ్యయనంలో, కోపంగా ఉన్న ముఖాలకు చూపుకు సంబంధించిన భాగాలు ఎక్కువ స్పందించినవాళ్లు సీబీటీతో ఎక్కువ మెరుగయ్యారు. ఆసక్తికరమే, కానీ పరిశోధన దశ. కాబట్టి మెదడు స్కాన్ చేసి మీ యాంగ్జైటీ చూపిస్తామని, దాన్ని బట్టి వైద్యం చేస్తామని ఎవరైనా అంటే డబ్బు పెట్టకండి. ఈ రోగనిర్ధారణ మనిషితో మాట్లాడి చేసేదే. లీబోవిట్జ్ స్కేల్ అని 24 సందర్భాలతో ఒక ప్రశ్నావళి ఉంది, 0 నుంచి 144 దాకా స్కోరు వస్తుంది. మెరుగవుతున్నారా లేదా అన్నది తెలుసుకోవడానికి అదే స్కాన్ కంటే చాలా నమ్మదగినది.

అందరికీ నయమవుతుందా? లేదు, అది దాచడం నాకిష్టం లేదు. జర్మనీలో ఫాల్క్ లైక్సన్‌రింగ్ బృందం 495 మందితో చేసి 2013లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో సీబీటీ తీసుకున్నవాళ్లలో 60 శాతం మందికి చెప్పుకోదగ్గ మెరుగు కనిపించింది, 36 శాతం మందిలో లక్షణాలు దాదాపు పోయాయి. గతానుభవాల లోతుల్లోకి వెళ్లే సైకోడైనమిక్ థెరపీలో ఆ అంకెలు 52, 26. ఏ థెరపీ లేకుండా వేచి ఉన్నవాళ్లలో 15, 9. నేనైతే ఈ అంకెలను ఇలా చదువుతాను: వేచి చూస్తే పోయే సమస్య కాదిది, థెరపీతో తేడా పెద్దదే, కానీ మొదటి విడతలో సరిపోనివాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లకు ఇంకొన్ని సెషన్లో, మందులో, వేరే పద్ధతో అవసరం పడుతుంది. అది వాళ్ల తప్పు కాదు.

మందుల గురించి మీరు నేరుగా అడగలేదు గానీ మీ మాటల్లో ఆ ప్రశ్న ఉంది. బ్రిటన్‌లో నైస్ సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పెద్దవాళ్లకు ముందుగా ఒక్కొక్కరికి విడిగా చేసే సీబీటీ ఇవ్వమంది, అది వద్దనుకునేవాళ్లకు మందు కావాలంటే ఎసిటలోప్రామ్ గానీ సెర్ట్రాలిన్ గానీ సూచించింది. కాబట్టి మీ డాక్టర్ చెప్పింది సరైన వరుసే. మందు వాడుతూ థెరపీ చేయడం తప్పేమీ కాదు, ఇప్పటికే వాడుతున్నవాళ్లు థెరపీ మొదలైందని మందు మానేయకూడదు, తగ్గించాలన్నా డాక్టర్‌తో మాట్లాడే. నాకు ఇబ్బంది కలిగేది ఒక్క దాంతోనే: కష్టమైన సందర్భానికి ముందు వేసుకునే మత్తు కలిగించే యాంగ్జైటీ మాత్రలు. అలవాటు పడే ప్రమాదం ఒకటి, ‘మాత్ర వల్ల గట్టెక్కాను’ అని మెదడు నేర్చుకోవడం రెండోది. అలాంటివి వాడుతుంటే థెరపిస్ట్‌కూ డాక్టర్‌కూ ఇద్దరికీ చెప్పండి, మీకు మీరే ఒక్కసారిగా ఆపేయకండి.

ఎంత కాలం పడుతుందంటే, ఈ సమస్యకు రూపొందించిన సీబీటీ మామూలుగా 14, 15 సెషన్లు, సుమారు నాలుగు నెలలు. మొదటి కొన్ని వారాల్లో టెన్షన్ పెరిగినట్టు అనిపించడం సహజం, ఎందుకంటే ఇన్నాళ్లు తప్పించుకున్నవాటి దగ్గరికి వెళ్తున్నారు. ఎక్కువమంది మానేసేది ఇక్కడే.

థెరపిస్ట్‌ను ఎంచుకునేటప్పుడు మొదటి సెషన్‌లో ఒకటి అడగండి: ‘మనం గది బయట ఏం చేస్తాం?’ వారాల తరబడి కూర్చుని బాల్యం గురించో ఆలోచనల గురించో మాట్లాడుకోవడమే ఉంటుంది, పరీక్షించడం ఉండదు అంటే అది సీబీటీ కాదు, పేరు ఏదైనా సరే. నా సేఫ్టీ బిహేవియర్స్ ఏమిటో మీరు కనిపెడతారా, వీడియో వాడతారా, ప్రతి వారం స్కోరు చూస్తారా అని కూడా అడగొచ్చు. మంచి థెరపిస్ట్ ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు, సంతోషిస్తారు. అడగడానికి భయమేస్తే కాగితం మీద రాసి ఇచ్చేయండి, మొదటిసారికి ఫర్వాలేదు.

ఇంకొక్క మాట. సోషల్ యాంగ్జైటీ చాలామందిలో టీనేజ్‌లోనే మొదలవుతుంది, ఏళ్లు గడిచాక దానికి డిప్రెషన్ తోడవడం, నలుగురిలోకి వెళ్లే ముందు మద్యం తాగడం అలవాటు కావడం తరచుగా చూస్తాం. ఈ రెండింట్లో ఏది ఉన్నా, చచ్చిపోవాలన్న ఆలోచనలు ఎప్పుడైనా వచ్చినా, సిగ్గుపడి దాచుకోవద్దు, మొదటి సెషన్‌లోనే చెప్పండి. ఆ ఆలోచనలు ఇప్పుడే వస్తుంటే సెషన్ దాకా ఆగకుండా ఈ రోజే మీ డాక్టర్‌కు ఫోన్ చేయండి, దగ్గరివాళ్లలో ఒకరికి చెప్పి తోడు ఉండమనండి. థెరపీ ఏ వరుసలో నడవాలన్నది దాన్ని బట్టే మారుతుంది.